ఊళ్లో లేని చెట్టు పుప్పొడి

నేను పనిచేసే మందుల షాపులో ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి జనం ముక్కులు తుడుచుకుంటూ వరస కడతారు. ఎలర్జీ మాత్రల అర పొద్దున్న నింపితే సాయంత్రానికి బోసిపోతుంది. కౌంటర్ ఇవతల నిలబడి ఏ మాత్ర వేసుకుంటే నిద్ర వస్తుందో, ఏది వేసుకుని కారు నడపొచ్చో చెబుతాను. ఏ చెట్టు వల్ల ఈ బాధ వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పాలని నాకు మహా ఉబలాటం. విశాఖపట్నంలో బోటనీ ఎమ్మెస్సీ చేసి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. ఏ చెట్టు ఏ కుటుంబానిదో నాకు చుట్టరికాలు గుర్తున్నంత బాగా గుర్తుంటుంది. డిట్రాయిట్‌కి నది ఇవతల, ఈ విండ్సర్‌లో ఆ చదువంతా అడవిగాచిన వెన్నెల.

అది పనికొచ్చిన సందర్భం ఒకే ఒక్కటి. పనికొచ్చినందుకు సంతోషం లేదు. ఒక ఏడాది ముందు పనికిరానందుకు ఏడుపు మాత్రం ఉంది.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక పెద్ద ఉన్నారు. ఆయన్ని అందరం అంకుల్ అంటాం, ఆయన భార్యని ఆంటీ అంటాం. సంఘానికి సొంత మందిరం లేదు. ఆదివారాలు ఒక ఇంగ్లీషు చర్చి బేస్‌మెంటు అద్దెకి తీసుకుంటాం, శుక్రవారం ప్రార్థన కూడిక వాళ్ల ఇంటి హాల్లో జరుగుతుంది. అంకుల్ కారు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఆంటీ మన దేశంలో ఉండగా మిషన్ ఆసుపత్రిలో నర్సు, ఇక్కడ వృద్ధాశ్రమంలో చాలా కాలం చేసింది. నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం నాకు బూట్లు కొనిపెట్టింది ఆవిడే. డ్రైవింగ్ టెస్టులో రెండుసార్లు తప్పితే, 'గుర్రం ఎక్కినవాడే పడతాడమ్మా' అని మూడోసారి తీసుకెళ్లిందీ ఆవిడే.

ఒలీవ చెట్టు, అదే ఆలివ్, అంకుల్‌ది. ఈస్టర్‌కి వారం ముందు, మట్టలు పట్టుకుని పాడే మట్టల ఆదివారానికి మన దగ్గరైతే ఈతమట్టలో కొబ్బరిమట్టలో దొరుకుతాయి. ఇక్కడ పెట్టెల్లో వచ్చే ఆకులు పట్టుకుంటే ప్లాస్టిక్ పట్టుకున్నట్టుందని ఆయన బాధ. లెమింగ్టన్ దగ్గర ఒక గ్రీన్‌హౌస్‌లో మోకాలెత్తు ఒలీవ మొక్క కనిపిస్తే కొనుక్కొచ్చి కుండీలో పెంచారు. చలికాలమంతా ఇంటి వెనక హీటర్ లేని అద్దాల వరండాలో ఉంచేవారు. మట్టల ఆదివారం నాడు పిల్లలకి తలా ఒక చిన్న రెమ్మ కోసిచ్చేవారు. ఆ తరవాత కుండీని చక్రాల పలక మీద హాల్లోకి తోసి కిటికీ పక్కన పెట్టేవారు. మే నెల లాంగ్ వీకెండ్ దాకా, అంటే మంచు భయం పోయి పెరట్లో చెక్క డెక్ మీదికి వెళ్లేదాకా, అది మాతోపాటు ప్రార్థనల్లో కూర్చునేది.

మొదట్లో అన్నీ ఆకులే. చలి బాగా తగిలితేగానీ ఆ చెట్టు పూయదు, వయసూ రావాలి. ఒక ఏడాది హాల్లోకి వచ్చిన కాస్త రోజులకే తెల్లటి సన్న పూత వేసింది. మామిడి పూతలా లేదూ అని అంకుల్ మురిసిపోయి అందరిచేతా ఫొటోలు తీయించారు. నేనూ తీశాను, బాగుందన్నాను. మరుసటి ఏడు పూత ఇంకా విరగబూసింది. సోఫా మీద, పాటల పుస్తకాల మీద పలచగా పసుప్పచ్చ పొడి. ఆంటీకి దుమ్ము కనిపిస్తే చేతులూరుకోవు. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దులిపేది.

ఆ వసంతంలోనే ఆవిడకి ఆయాసం మొదలైంది. ముందు దగ్గు, తరవాత పిల్లికూతలు, ఆ తరవాత మెట్లెక్కలేకపోవడం. ఫ్యామిలీ డాక్టర్ గుండె, ఊపిరితిత్తులు చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, ఇన్హేలర్ రాశాడు. ఎలర్జీ స్పెషలిస్ట్‌కి రిఫరల్ పంపాడు. స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చేలోపు రోగమైనా పోవాలి, రోగైనా పోవాలి అని ఇక్కడ మాలో ఒక నవ్వులాట. ఆ ఏడు నవ్వు రాలేదు. నర్సుగా ఎందరికో ఊపిరి అందించిన మనిషి, కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగి గాలికోసం తంటాలు పడుతుంటే చూడలేకపోయేవాళ్లం.

జబ్బు చేసినవాళ్లకి ఒలీవ నూనె రాసి ప్రార్థించడం మా ఆనవాయితీ. ఒక శుక్రవారం నుంచి ఆంటీ కుర్చీ ఒలీవ కుండీ పక్కకి మారింది. ఆ చెట్టు దగ్గరుంటే మంచిదని ఎవరన్నారో గుర్తులేదు, అందరికీ సబబుగానే తోచింది. తల మీద చేతులుంచి గంటల తరబడి ప్రార్థించాం. వారం వారం ఆవిడకి ఎక్కువైంది తప్ప తగ్గలేదు. ప్రార్థన ఎంత పెరిగితే ఆయాసం అంత పెరుగుతుంటే, జనానికి దేవుడి మీద అనుమానం రాదు కదా, మనిషి మీద వస్తుంది.

ఒకసారి ఊరుగాని ఊరి నుంచి ఒక దైవసేవకుడు వీడియోలో ప్రార్థన చేశాడు. లాప్‌టాప్ ఆంటీ ఎదురుగా స్టూలు మీద పెట్టాం. ఆయన కళ్లు మూసుకుని, ఆ ఇంట్లో ఏదో అడ్డం ఉంది తల్లీ, అది తీసేదాకా స్వస్థత రాదు అన్నాడు. ఆ మాటకి మా అందరి చూపులూ బీరువాల మీదికి, మేడ మీది గదుల వైపు పోయాయి. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. అడ్డం ఇంట్లోనే ఉంది. ఆవిడ భుజం మీద రాలుతోంది.

మరుసటి శుక్రవారం ఆంటీ తనంతట తనే లేచి, తన దగ్గర ఒక దీపపు కుంది ఉందని అందరి ముందూ చెప్పింది.

ఆవిడ పుట్టింటివాళ్లు పూజలు చేసుకునేవాళ్లు. ఆసుపత్రిలో అంకుల్‌ని ఇష్టపడి, బాప్తిస్మం తీసుకుని, ఆయన్ని చేసుకుంది. తండ్రి గుమ్మం తొక్కనివ్వలేదు. పెళ్లయిన కొన్నాళ్లకి తల్లి ఒకరోజు ఆసుపత్రికి వచ్చి అందరు రోగులతో పాటు ఓపీ వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక బల్ల మీద ఒక తువ్వాలు మూట పెట్టి, బీపీ చూపించుకుని, మందులు రాయించుకుని వెళ్లిపోయింది. మూటలో జానెడు ఇత్తడి కుంది, ఇంట్లో రోజూ వెలిగించేదే. తల్లీకూతుళ్లు మళ్లీ కలుసుకోలేదు. ఆంటీ దాన్ని ఏనాడూ వెలిగించలేదు. సూదులూ దారాలూ పెట్టుకునే బిస్కెట్ల రేకుడబ్బాలో ఉంచి, గుండీ ఊడినప్పుడల్లా ఒకసారి చూసుకునేది. అంతకుమించి దానితో ఆవిడకి వ్యవహారం లేదు.

అదే అయ్యుంటుంది అని ఎవరో నెమ్మదిగా అన్నారు. ఆమేన్ అని ఇంకెవరో అన్నారు. అందరం అంకుల్ వైపు చూశాం. సంఘ పెద్ద ఆయన, భర్త కూడా ఆయనే. ఆయన చేతిలో పుస్తకం మూసి, తల వంచుకుని కూర్చున్నారు.

మర్నాడు కుందిని పారేయడానికి ఆంటీని నది దగ్గరికి నేనే తీసుకెళ్లాను. కుర్చీలు సర్దాలని అంకుల్ ఇంట్లోనే ఉండిపోయారు. కార్లో ఆంటీ ఒళ్లో ఆ తువ్వాలు మూట. నాకివ్వండి ఆంటీ, మా ఇంట్లో దాస్తాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుందురుగాని అన్నాను. నీ ఇంటికెందుకమ్మా ఈ పీడ అంది. తల్లి ఇచ్చిన వస్తువుని ఆవిడ నోటితో పీడ అనడం అదే మొదలు. నది అవతల డిట్రాయిట్ మేడలు ఎండలో మెరుస్తున్నాయి. రెయిలింగ్ దగ్గర నిలబడి, ఆయాసపడుతూ, మూట విప్పి కుందిని నీళ్లలోకి జారవిడిచింది. తువ్వాలు మాత్రం మడతపెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. నేను అది చూసి చూడనట్టు ఊరుకున్నాను.

తరవాతి వారమే లాంగ్ వీకెండ్. చెట్టు డెక్ మీదికి వెళ్లింది. హాలు కడిగారు. అప్పటికే పూత రాలిపోయి పిందెలు కట్టింది. ఆంటీకి రోజురోజుకీ తేలికపడి, జూన్ వచ్చేసరికి మామూలు మనిషయింది. ఒక ఆదివారం బేస్‌మెంటులో నిలబడి సాక్ష్యం చెప్పింది. తల్లి కుంది ఇంట్లో పెట్టుకున్నందువల్లే తనకి ఊపిరి ఆడలేదని, తీసేశాక దేవుడు స్వస్థపరిచాడని చెప్పింది. అందరం ఆమేన్ అన్నాం. కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ వారంలోనే ఆ సాక్ష్యం వాట్సాప్‌లో టొరంటో దాటి, హైదరాబాద్ దాటి, ఆవిడ పుట్టింటి ఊరిదాకా పోయింది. అక్కడ ఆవిడ చెల్లెలు విన్నదట. ఏమందో ఆంటీ నాకు చెప్పలేదు.

స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ డిసెంబర్లో వచ్చింది. రానే వచ్చిందిగా వెళ్దాం అని నేను బలవంతపెడితే వెళ్లింది. చేతి మీద చుక్కలు పెట్టి సూదితో గీకితే ఒక్కచోటే దద్దురు లేచింది. యాష్ అనే చెట్టు పుప్పొడి పడదని, వసంతంలో ఆ చెట్ల కింద తిరగొద్దని డాక్టర్ చెప్పాడు. ఆంటీ నవ్వి, అది అయిపోయిన సంగతి డాక్టర్ అంది.

నాకు మాత్రం ఆ మాట పంటికింద రాయిలా తగిలింది. విండ్సర్‌లో యాష్ చెట్లెక్కడివి? ఏళ్ల కిందట ఒక పచ్చటి పురుగు వచ్చి బెరడు కింద తొలిచి దాదాపు అన్నిటినీ చంపేసింది. మేమీ ఊరొచ్చేసరికే వీధుల్లో మొదళ్లు మిగిలాయి. ఊళ్లో లేని చెట్టు పుప్పొడి ఆవిడ ముక్కులోకి ఎలా వెళ్లింది? అడుగుదామంటే ఎవరిని అడగను? మా ఆయన్ని అడిగితే, తగ్గిందిగా, మళ్లీ ఎందుకు కెలుకుతావు అన్నాడు. కెలకలేదు. అక్కడ ఆగిపోయాను.

వసంతం తిరిగొచ్చింది. మట్టల ఆదివారం అయింది, పిల్లలు రెమ్మలు పట్టుకుని బేస్‌మెంటులో తిరిగారు, కుండీ హాల్లోకి వచ్చింది. ఈస్టర్ వెళ్లిన కొద్ది రోజులకి ఆంటీ మా షాపుకి వచ్చింది. కౌంటర్ పట్టుకుని నిలబడింది. పిల్లికూతలు నాకు ఇవతలికి వినపడుతున్నాయి. ఇన్హేలర్ కోసం వచ్చిందనుకున్నాను. బ్యాగ్‌లోంచి ఒక కవరు తీసింది. అందులో వాళ్లమ్మ ఫొటో, మడతపెట్టిన ఆ తువ్వాలు.

"ఇవి దాచుకున్నానమ్మా. అందుకే మళ్లీ వచ్చింది. శుక్రవారం లోపు నది దగ్గరికి తీసుకెళ్తావా?"

షిఫ్టులున్నాయి ఆంటీ, వచ్చే వారం వెళ్దాం అని అబద్ధమాడాను. ఆవిడ సరేనని కవరు బ్యాగ్‌లో పెట్టుకుని, తలుపు దాకా రెండుసార్లు ఆగి వెళ్లింది. ఆ ఫొటో కూడా పోతే ఆవిడకి తల్లి ముఖం చూసుకునే దారి లేదు. వేరే ఫొటో లేదని నాకు తెలుసు. వచ్చే ఏడు మళ్లీ ఊపిరి ఆడకపోతే ఇంకేం పారేస్తుంది?

మా అమ్మాయి చిన్నప్పుడు సైన్సు కోసమని కొన్న మైక్రోస్కోపు అటక మీద ఉంది. పిల్ల దాని వైపు తిరిగి చూసిన పాపాన పోలేదు. దించి తుడిచాను. గాలిలో పుప్పొడి పట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. గాజు పలక మీద పలచగా వ్యాజిలిన్ రాసి ఒక పగలంతా వదిలేస్తే, ఎగిరేది దానికి అంటుకుంటుంది. కాలేజీలో పిల్లలతో చేయించేదాన్ని. మా పెరట్లో ఒకటి పెట్టాను. ప్రార్థనకి వెళ్లినప్పుడు వాళ్ల పెరట్లో ఒకటి, వంటింటి గట్టు మీద ఒకటి, హాల్లో పుస్తకాల అలమర మీద ఒకటి పెట్టి, మర్నాడు వచ్చి తీసుకున్నాను. ఏంటమ్మా ఇవి అని అంకుల్ అడిగితే దుమ్ము చూస్తున్నానన్నాను.

పోల్చుకోవడానికి అసలు యాష్ పుప్పొడి కావాలి. దానికోసం రెండు సాయంత్రాలు తిరిగాను. ఊరి చివర పాత రైలు పట్టాల పక్కన నడకదారిలో, పురుగు నోట పడకుండా బతికిన మగ చెట్టు ఒకటి దొరికింది. దాని పూగుత్తి ఒకటి తెచ్చి పలక మీద దులిపాను. యాష్ రేణువు కాస్త పలకగా, నాలుగు గాట్లతో ఉంటుంది. దాన్ని బాగా కంటికి పట్టించుకుని మిగతావి చూడటం మొదలుపెట్టాను.

రెండు పెరళ్లలోనూ మేపుల్, ఓక్ రేణువులు, మసి. యాష్ లేనే లేదు. వంటింట్లో గుండ్రటి రేణువులు కొన్ని, మూడు గాట్లవి. హాల్లో పెట్టిన పలక అద్దం కింద పెట్టేసరికి సందు లేకుండా అవే. ఇంకో పలక తీసుకుని వాళ్లింటికి కారులో వెళ్లి, అంకుల్ టీ పెడతానంటుండగా కుండీలోంచి ఒక పూరెమ్మ తుంచుకుని వచ్చేశాను. చూడనక్కర్లేదు, అప్పటికే తెలిసిపోయింది. అయినా చూశాను, అవే మూడు గాట్ల రేణువులు.

యాష్, ఒలీవ ఒకే కుటుంబం. మొదటి ఏడాది పాఠంలో చెప్పే ముక్క అది. మల్లె కూడా అందులోదే అంటే పిల్లలు నమ్మేవాళ్లు కాదు. ఒకదాని పుప్పొడి పడనివాళ్లకి రెండోది కూడా పడకపోవచ్చు. ఇక్కడి డాక్టర్ ఒలీవకి పరీక్ష చేయలేదు, ఈ దేశంలో ఒలీవ చెట్లు ఎక్కడుంటాయని చేస్తాడు? తన దగ్గర దాని చుట్టం యాష్ ఉంటే, దాని మీద పరీక్ష చేసి దాని పేరే చెప్పాడు. మేమేమో చచ్చిపోయిన చెట్ల మొదళ్ల మధ్య నిలబడి దెయ్యాన్ని వెతుక్కున్నాం.

మర్నాడు మైక్రోస్కోపు కారులో పెట్టుకుని వెళ్లాను. ఇద్దరినీ వంటింట్లో కూర్చోబెట్టి, ముందు రైలు పట్టాల దగ్గరి పలక, తరవాత హాల్లో పలక, ఆ తరవాత చెట్టు మీది పలక చూపించాను. అంకుల్ చాలాసేపు చూశారు. ఫ్యాక్టరీలో కొలతలు చూసిన కన్ను ఆయనది, రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కుంది సంగతి నాకు మొదట్నుంచీ తెలుసమ్మా," అన్నారు నాతో, ఆవిడ వైపు చూడకుండా. "గుండీలు ఊడితే డబ్బా దించి ఇచ్చేది నేను కాదా? ఆ రోజు అందరి ముందూ నాకు తెలుసు, ఉండనివ్వండి అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. పెద్దనై ఉండి ఎలా అనను అనుకున్నా."

ఆంటీ తన వంతు వచ్చినప్పుడు అద్దం మీదికి వంగి చూసింది. నర్సు కాబట్టి ఒక కన్ను మూయకుండానే చూడటం వచ్చు. కాసేపటికి తల ఎత్తి, అయితే మా అమ్మ నన్నేం చెయ్యలేదన్నమాట అని మెల్లగా అనుకుంది. మాతో అన్నట్టు లేదు. ఏడాది పొడుగునా ఛాతీ మీద కూర్చుంది తల్లే అనుకుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. కుంది పోయిందని కదా నేను బాధపడింది.

చెట్టు నరికేస్తానని అంకుల్ లేచారు. చెట్టేం చేసిందండీ, దాని పూత అది పూసింది అని ఆంటీ ఆపింది. ఆ సాయంత్రమే కుండీని మా గరాజుకి తెచ్చేశాను. దేవుడి దయవల్ల మా ఆయనకి ఏ పుప్పొడీ పడకపోవడమంటూ లేదు, సణగడం ఒక్కటే ఉంది. వాళ్ల హాలు తడిగుడ్డలతో తుడిచాం, కర్టెన్లు ఉతికాం. వారం తిరక్కుండానే ఆవిడ పిల్లికూతలు తగ్గిపోయాయి. కవరు గురించి నేను అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. తరవాతెప్పుడో ఆ ఫొటో వంటింటి గోడకి కనిపించింది.

ఆయాసం తగ్గాక వచ్చిన ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆంటీ లేచింది. మళ్లీ స్వస్థత కలిగిందని చెబుతుందనుకుని అందరూ ముందుగానే చిరునవ్వులు పెట్టుకున్నారు.

"కిందటేడు ఇక్కడే నిలబడి మా అమ్మ కుంది వల్ల నాకు ఊపిరాడలేదని చెప్పాను. మీరు ఆమేన్ అన్నారు. అది నిజం కాదు. చెట్టు పూత వల్ల వచ్చింది. మా అమ్మ మీద నేను అబద్ధ సాక్ష్యం పలికాను."

చెప్పడం అయిపోయింది. అయినా కూర్చోలేదు, నిలబడే ఉంది. ఆమేన్ అనబోయినవాళ్లు పాటల పుస్తకాలు తిరగేశారు. అప్పుడు అంకుల్ ముందు వరసలోంచి లేచి, వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ఆవిడ పక్కన నిలబడ్డారు. చుట్టూ అందరూ కళ్లు ఒత్తుకుంటున్నారు. నాకు మాత్రం ఏడుపుకంటే ముందు కోపమే వచ్చింది. ఆ నిలబడటమేదో కిందటేడు నిలబడి ఉంటే, వాళ్లమ్మ కుంది ఇప్పటికీ సూదుల డబ్బాలోనే ఉండేది.